ఆగిన మిషను

మిషను తలుపు తియ్యగానే మళ్ళీ అదే వాసన. కోడలు భుజాన ఉన్న ఆఫీసు సంచీ కూడా దించకుండా వంగి చూసింది. పై అరలో గ్లాసులు, కింది అరలో పళ్ళేలు బాగానే ఉన్నాయి. వాటి కింద తొట్టిలో మాత్రం బూడిదరంగు నీళ్ళు నాలుగు వేళ్ళ లోతున నిలబడి ఉన్నాయి. పైన నూనె తెట్టు కట్టింది. గిన్నెలు కడుగుతుందని మిషను కొంటే, ఆ మిషనుకు రోజూ ఒళ్ళు తుడిచే పని తన నెత్తిన పడింది.

సంచీ కుర్చీకి తగిలించి, చేతి గడియారం తీసి గట్టు మీద పెట్టి, కింది అర లాగి బయట పెట్టింది. ప్లాస్టిక్ మగ్గుతో తోడి బకెట్లో పోసింది. మగ్గు అడుగు గీరుకోవడం మొదలయ్యాక స్పాంజి తీసుకుంది. ముంచడం, పిండటం, ముంచడం, పిండటం. నడుము పట్టేసినప్పుడు సింకు అంచు పట్టుకొని లేచి, ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ వంగింది. కొన్నాళ్ళుగా సాయంత్రం ఇల్లు చేరితే ఇదే వరస.

"మళ్ళీనా?" అన్నాడు భర్త, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ.

"మళ్ళీనే."

"ఆవిడకి ఎన్నిసార్లు చెప్పాలి? ఎంగిలి దులపకుండా అలాగే తోసేస్తుంది. అది వెళ్ళి ఎక్కడో అడ్డం పడుతుంది. మిషనేం చేస్తుంది పాపం."

మిషన్లంటే ఆయనకు మొదటినుంచీ జాలే.

ఆవిడంటే పనావిడ. పొద్దున వచ్చి ఇల్లు ఊడ్చి తుడిచి, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంకోసారి వచ్చి, గిన్నెలన్నీ మిషన్లో సర్ది, బొత్తాం నొక్కి, పక్క వీధిలో ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది. అది తిరిగినంతసేపూ ఇంట్లో ఉండేది మామగారొక్కరే. ఆయన ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. కూర్చోనప్పుడు ఇల్లంతా తిరిగి స్విచ్చులు ఆర్పుతారు.

ఆ అలవాటు ఇవాళ్టిది కాదు. ఉద్యోగమంతా మిల్లులో షిఫ్టు మేస్త్రీగా చేశారు. ఆఖరి మనిషి గేటు దాటాక షెడ్డు చుట్టి వచ్చి ప్రతి మిషనుకూ కరెంటు తీసి, అప్పుడు ఇంటికి వెళ్ళేవారు. మిల్లు పోయినా ఆ చుట్టు పోలేదు. మంచి రోజుల్లో కొడుకు ఆయనకు 'కరెంటాఫీసు' అని పేరు పెట్టాడు. అప్పుడందరూ నవ్వారు, ఆయనతో సహా. ఆ ఇంట్లో చార్జరు పెట్టాలన్నా, మిక్సీ తిప్పాలన్నా ముందు గోడ మీద స్విచ్చు వేసుకోవాల్సిందే. అందరికీ చేతులు అలవాటైపోయి, ఏ స్విచ్చు ఎందుకు ఆరి ఉందో ఎవరూ అడగడం మానేశారు.

ఈ మధ్య నవ్వులు తగ్గాయి. కిందటి నెల ఆయన స్నానాలగదిలో కుళాయి విప్పి మరిచిపోయారు. నీళ్ళు హాలు దాకా వచ్చి, కింది వాటావాళ్ళ పైకప్పు ఉబ్బి, పెద్ద గొడవైంది. అంతకుముందు ఒకసారి పొయ్యి ఆర్పలేదు. కొడుకు ఊరి చివర పెద్దవాళ్ళ హోముకు వెళ్ళి గదులు చూసి వచ్చాడు. భోజనాల బల్ల దగ్గర, తండ్రికి వినపడేలాగే అన్నాడు.

"ఇంకొక్కటి. ఇంకొక్కటి జరిగిందంటే మాత్రం నేనిక ఎవరి మాటా వినను."

మామగారు తలెత్తలేదు. ఆ రోజు నుంచి ఆయన కుళాయిలు ఒకటికి రెండుసార్లు బిగించి చూస్తున్నారు. ఇంటిని చుట్టి రావడం కూడా ఎక్కువైంది.

*

శనివారం పొద్దున మెకానిక్ వచ్చాడు. వంటింటి నేల మీద బోర్లా పడుకొని, టార్చి పళ్ళమధ్య పట్టుకొని, తొట్టిలో చెయ్యి పెట్టాడు. అడుగునున్న జాలీని తిప్పి ఊడబెరికి కుళాయి కింద కడిగాడు. పంపు మూత తీసి లోపలి చిన్న చక్రాన్ని వేలితో తోశాడు. అది పట్టు లేకుండా తిరిగింది. మిషన్ని ముందుకు లాగి, వెనక గొట్టం విప్పి, నోటితో ఊది, మడత లేకుండా సరిచేశాడు. సింకు కింద ఆ గొట్టం కలిసే చోట కూడా విప్పి చూపించాడు. అంతా శుభ్రంగా ఉంది. కొండను తవ్వి అతను పట్టిన ఎలుక ఏమిటంటే, జాలీలో చిక్కుకున్న రెండు పంటిపుల్లలూ, ఒక నిమ్మగింజా, సీసా మీది కాగితం ముక్కా.

తర్వాత మిషన్ని ఒక చుట్టు తిప్పాడు. అది అయ్యేదాకా గొట్టం మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాడు. కోడలూ భర్తా కూడా నిలబడ్డారు. మామగారు ముందు గది నుంచి కదల్లేదు. పని జరుగుతున్న చోటికి పనిలేని మనిషి వెళ్ళకూడదన్నది కూడా ఆయన మిల్లు నాటి పద్ధతే. చివర్లో సింకు గొట్టం గుడగుడమని, నీళ్ళన్నీ పోయాయి.

"చూశారా, ఎలా కొడుతోందో. మిషన్లో ఏ లోపమూ లేదండి. వాడేవాళ్ళు కాస్త చూసుకోవాలి, అంతే," అన్నాడు మెకానిక్, పుల్లల్ని అరచేతిలో పెట్టి చూపిస్తూ.

భర్త ఆ పుల్లల్ని తీసుకొని, గుమ్మం దగ్గర నేల తుడుస్తున్న పనావిడ వైపు తిరిగాడు.

"ఇవేమిటి?"

ఆవిడ గుడ్డ బకెట్లో వేసి లేచింది. "నేను ప్రతిదీ పేపరుతో తుడిచే పెడతానయ్యగారూ. పుల్లలు నేను చూడలేదు."

"మరి నడుచుకుంటూ వచ్చాయా?"

భోజనమయ్యాక పుల్లతో పళ్ళు కుట్టుకొని, దాన్ని పళ్ళెంలోనే పడేసి లేచే అలవాటు ఆ ఇంట్లో ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరే ఇప్పుడు అడుగుతున్నది. ఆ సంగతి పనావిడకూ తెలుసు, కోడలికీ తెలుసు. పనావిడ అనలేకపోయింది. కోడలు అనలేదు.

"ఒక వారం చూద్దాంలెండి," అంది కోడలు.

వారం దాకా ఆగనక్కర్లేకపోయింది. సోమవారం సాయంత్రం తలుపు తీస్తే నాలుగు వేళ్ళ నీళ్ళు.

మంగళవారం పొద్దున పనావిడ చెప్పులు విడుస్తుండగానే కోడలు గుమ్మంలోకి వెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలా అని రాత్రంతా వెతుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇక రావద్దు," అంది. "ఆయన ఊరుకోవట్లేదు."

పనావిడ విడిచిన చెప్పులోకి మళ్ళీ కాలు దూర్చింది. "మిషను రాకముందు ఏడాది పైనే ఈ చేతులతో తోమాను అమ్మగారూ. అప్పుడు ఒక్క గిన్నె ఎంగిలిదని అన్నారా మీరు?"

"అనలేదు."

"మిషనొచ్చాక నాకు చేతకాకుండా పోయిందన్నమాట. ఎంగిలి మీది, మాట నాకు."

గుత్తిలోంచి ఈ ఇంటి తాళంచెవి తియ్యడానికి ఆవిడకు కాస్త సమయం పట్టింది. సోడా పొడితో గోళ్ళు అరిగిపోయి, రింగు విడలేదు. కోడలు చెయ్యి చాచి నిలబడింది. సాయం చెయ్యబోయింది గానీ అది కూడా తొందరపెట్టినట్టే ఉంటుందని ఆగిపోయింది.

లోపల మామగారు అడిగారు. "ఎందుకు పంపించేశావు తల్లీ?"

"గిన్నెలు సరిగ్గా తుడవట్లేదట మామయ్యగారూ."

"అయ్యో," అన్నారాయన. "మంచి మనిషే. చెప్తే వింటే బాగుండేది."

*

మర్నాడు కోడలు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. భోజనమయ్యాక పళ్ళేలన్నీ తనే తుడిచింది. పేపరుతో ఒకసారి, తడిగుడ్డతో ఒకసారి. పుల్లల కోసం వెతికింది, గింజల కోసం వెతికింది. జాలీ తీసి బ్రష్షుతో రుద్దింది. బొత్తాం నొక్కి, పక్క గదిలోకి వెళ్ళి మంచం మీద వాలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తుడవలేక మిషను మీద పెడుతోందన్న మాట ఈసారి ఎవరంటారో చూద్దాం అనుకుంది.

గోడ అవతల నీళ్ళు తిరుగుతున్న చప్పుడు. కాసేపటికి ఆమెకు కునుకు పట్టింది. చప్పుడు ఆగిపోయినందుకే మెలకువ వచ్చింది. అయిపోయిందా అని లేవబోతుంటే ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. చెప్పులు ఈడుస్తున్న అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి.

ఆమె గుమ్మం పక్కన నిలబడి చూసింది. మామగారు మిషను ముందు వంగి, తలుపుకు చెవి ఆనించారు. అరచేత్తో తట్టి చూశారు. వైద్యుడు నాడి చూసినట్టు కాసేపు అలాగే ఉండి, తృప్తిగా తలాడించి, గోడ మీది స్విచ్చు తీసేశారు. ఎర్ర దీపం ఆరింది. చేతులు దులుపుకున్నారు.

ఆమె వెళ్ళి మిషను తలుపు తీసింది. ఆవిరి మొహానికి కొట్టింది. కింద నీళ్ళు, ఇంకా వేడిగా ఉన్నాయి. చివరి కడుగుడు అయ్యాక, నీళ్ళు బయటికి కొట్టే ముందు, మిషను కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపట్లో ఈయన వచ్చి దాని గొంతు నొక్కేస్తున్నారు. మళ్ళీ కరెంటిచ్చినా అది ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. పాత రకం.

"మామయ్యగారూ, స్విచ్చు ఎందుకు తీశారు?"

"ఆగిపోయింది కదమ్మా." ఆయనకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "ఆగిన మిషన్ని నమ్మకూడదు. తిరుగుతున్నదాన్ని చూసి మనిషి భయపడి దూరంగా ఉంటాడు. ఆగినదాంట్లోనే చెయ్యి పెడతాడు. మా షెడ్డులో ఒక కుర్రాడికి అలాగే పోయాయి, ఈ నాలుగూ." కుడిచేతి వేళ్ళు మడిచి చూపించారు. "బొటనవేలొకటి మిగిలింది. దాన్ని ఏం చేసుకుంటాడు? అప్పట్నుంచీ నా షిఫ్టులో ఒకటే రూలు. ఆగిందా, మెయిను తియ్యి. నువ్వు చూస్తే గిన్నెల కోసం గభాలున చెయ్యి పెట్టేస్తావు. అందుకే వచ్చి తీసేస్తాను."

తన వేళ్ళ కోసమా అనుకుంది కోడలు. రోజూ సాయంత్రం తను తోడిన ఆ మురికినీళ్ళన్నీ తన వేళ్ళు పోకుండా ఈయన పెట్టిన కాపలా. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏదీ బయటికి రాలేదు.

స్విచ్చు వేసి, ఎక్కడో అడ్డం పడిందనుకొని ఇన్నాళ్ళూ వాడని నీళ్ళు వదిలే బొత్తాం నొక్కి పట్టుకొని, మిషను ఇంకా పని ముగించలేదని నెమ్మదిగా చెప్పింది. సింకు గొట్టం గుడగుడమంది. ఆయన ఆ చప్పుడు వింటూ మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. మిల్లులో అన్నేళ్ళు చేసిన మనిషికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

"అంటే ఆ నీళ్ళన్నీ నావల్లేనా?"

ఆమె బొత్తాం మీంచి వేలు తీసింది.

"ఆ పనమ్మాయిని నువ్వు ఊరికే పంపించేశావా?"

"ఊఁ."

"పిలిపించు తల్లీ. తప్పు నాదని నేనే చెప్తాను ఆమెకి." గొంతు తగ్గించి అన్నారు. "అబ్బాయికి మాత్రం చెప్పకు."

"చెప్పను మామయ్యగారూ."

సాయంత్రం ఆరింటికి ఆయన కుర్చీలోంచి అడిగారు. "ఆ పనావిడ రావట్లేదేమమ్మా? ఒంట్లో బాగాలేదా?"

కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. ఆయన కళ్ళలో నటన లేదు. మధ్యాహ్నం మాట మధ్యాహ్నమే పోయింది.

*

భర్త వచ్చి మిషను తలుపు తీసి చూశాడు. తొట్టి పొడిగా ఉంది. "చూశావా? ఆవిడ పోయింది, నీళ్ళూ పోయాయి," అన్నాడు.

చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా. అంతలో ఆయనే అన్నాడు, చొక్కా బొత్తాలు తీసుకుంటూ.

"హోమువాళ్ళు ఫోన్ చేశారు. నెలాఖరుకి గది ఒకటి ఖాళీ అవుతుందట. ఇంకెవరో కూడా అడుగుతున్నారట, మనం తీసుకుంటామో లేదో చెప్పమన్నారు. ఏమీ జరగకపోతే వదిలేద్దాం. ఏదైనా జరిగితే ఇక ఆలోచించను. నేను కూడా మనిషినే."

నిజమే, ఆయనా మనిషే. కింది వాటావాళ్ళ చేత మాటలు పడ్డది ఆయనే, పైకప్పు బాగుచేయించింది ఆయనే. రాక్షసుడైతే ఆమెకు ఇంత కష్టం ఉండేది కాదు. అడకత్తెరలో పోకచెక్కలాగా నిలబడి కోడలు అంది.

"ఆవిడ్ని మళ్ళీ పిలుస్తానండీ. మిషను పూర్తిగా అయ్యేదాకా అక్కడే ఉండి చూసుకొని వెళ్ళమంటాను. నావల్ల కావట్లేదు రోజూ."

"నీ ఇష్టం. తప్పు తనదని ఒప్పుకోమను ముందు."

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా పనావిడ ఉండే గదికి వెళ్ళింది. ఆవిడ గుమ్మంలో కూర్చొని వేళ్ళ సందుల్లో మందు రాసుకుంటోంది. విని, మందు డబ్బా మూత పెట్టింది.

"అదయ్యేదాకా కూర్చుంటే ఆ వేళకి చేసే ఇల్లు వదులుకోవాలమ్మగారూ."

"ఆ లోటు నేను చూస్తాను."

"అంటే తప్పు నాదేనన్నమాట."

"జరిగిందేదో జరిగింది," అంది కోడలు. ఆ మాట ఎవరి మీదా పడదు. అందుకే అందరూ దాన్ని దగ్గర పెట్టుకుంటారు.

"మీరు చెప్పండి. నాదేనా?"

పక్క గదిలో ఎవరో బిందె నింపుతున్నారు. బిందె నిండేదాకా కోడలు ఆగింది.

"ఇకనుంచి జాగ్రత్తగా ఉందువుగాని," అంది.

పనావిడ ఆమె మొహంలోకి చూసి, తల ఊపి, తాళంచెవి కోసం చెయ్యి చాచింది.

*

ఆ మర్నాడు నీళ్ళు నిలవలేదు. పనావిడ పళ్ళేలన్నీ సింకులో పీచుతో శుభ్రంగా తోమి, తోమినవాటినే మిషన్లో పెట్టి, ఎదురుగా స్టూలేసుకొని కూర్చుంది. మనిషి ఉందని మామగారు అటు రాలేదు. అంటే గిన్నెలు రెండుసార్లు కడగబడుతున్నాయి, ఒక మనిషి వేళ వృథా అవుతోంది, ఒక ముసలాయన ఇంట్లో ఉంటున్నాడు. సాయంత్రం ఇల్లు చేరి పొడి తొట్టి చూసుకున్న కోడలికి గుండెలో ముల్లు ఒకటి ఉండిపోయింది గానీ, నడక ఆగేంత పెద్ద ముల్లు కాదనిపించింది.

శనివారం అందరూ ఇంట్లోనే ఉన్నారు. భోజనాలయ్యాయి. పనావిడ మిషను పెట్టి స్టూలు మీద కూర్చుంది. కోడలు గట్టు మీద కూరగాయలు తరుగుతోంది. హాల్లో భర్త పేపరు తిరగేస్తూ గొంతు పెంచి అన్నాడు.

"ఇప్పుడు చూడు, ఒక్క చుక్క నిలవట్లేదు. కాస్త బుద్ధిగా చేస్తే ఏ పనైనా అవుతుంది."

ఆ మాట మామగారికి కూడా వినపడింది. పెద్దరికం గుర్తొచ్చిందేమో, లేచి వంటింట్లోకి వచ్చారు. మిషను అప్పుడే చప్పుడు ఆపింది.

"నీ మంచికే చెప్తున్నాను అమ్మాయ్," అన్నారు పనావిడతో. గొంతులో కోపం లేదు, మేస్త్రీ ఉన్నాడు. "నీవల్ల మా కోడలు ఎన్నాళ్ళు నీళ్ళు తోడిందో తెలుసా? ఆఫీసు నుంచి వచ్చి, ఆ నడుంతో. పని అన్నాక శ్రద్ధ ఉండాలి. తప్పు చేసినవాళ్ళు ఒప్పుకుంటే చిన్నతనం లేదు."

"అలాగే పెద్దయ్యగారూ," అంది పనావిడ, స్టూలు మీంచి లేచి నిలబడి.

కోడలు చేతిలో కత్తి ఆగింది. మామయ్యగారూ, అనబోయింది. ఆయన ఇంకా చెప్తూనే ఉన్నారు. చెప్తూ చెప్తూ, అటు చూడనైనా చూడకుండా, చెయ్యి చాచి స్విచ్చు తీసేశారు. ఎర్ర దీపం ఆరింది. చేతులు దులుపుకొని, "ఇక తియ్యమ్మా గిన్నెలు. ఇప్పుడు భయం లేదు," అన్నారు.

పనావిడ స్విచ్చు వైపు చూసింది. దీపం వైపు చూసింది. వంగి తలుపు తీసింది. ఆవిరి లేచింది. కింద నాలుగు వేళ్ళ లోతున నీళ్ళు, ఈసారి బూడిదరంగు లేకుండా, తేటగా. ఆవిడ నడుం ఎత్తి కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. తప్పు నాదేనా అని గుమ్మంలో అడిగిన మాటకు జవాబు ఇప్పటికి దొరికిన మనిషి చూపు అది.

హాల్లోంచి కుర్చీ జరిగిన చప్పుడు. భర్త గుమ్మంలోకి వచ్చాడు. "ఇదేమిటి, మళ్ళీ నీళ్ళా? ఎవరు చేశారు?"

మామగారు కొడుకు మొహంలోకి, తర్వాత తొట్టిలోకి చూసి, ఏమైందో తెలియక బెదిరిన పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"ఆవిడేనండీ," అంది కోడలు. తన గొంతు తనకే మామూలుగా వినపడింది. "పూర్తిగా కాకముందే తలుపు తీసేసింది."

పనావిడ భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంది. గుత్తిలోంచి తాళంచెవి తీసింది. ఈసారి రింగు వెంటనే విడింది. చెవిని గట్టు మీద, తరిగిన ముక్కల పక్కన పెట్టింది.

"స్టూలు ఇక్కడే ఉంచుతున్నానమ్మగారూ," అంది. "రేపట్నుంచి మీరు కూర్చోండి."

వాకిలి తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"అందుకే ఇలాంటివాళ్ళకి రెండో అవకాశం ఇవ్వకూడదు," అని భర్త పేపరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"పోనీలే తల్లీ," అన్నారు మామగారు ఓదార్పుగా. "ఇంకొకర్ని చూద్దువుగాని."

కోడలు స్విచ్చు వేసి, వంగి, బొత్తాం నొక్కి పట్టుకుంది. గొట్టం గుడగుడమని నీళ్ళు దిగడం మొదలుపెట్టాయి. ఇన్నాళ్ళూ ఈయనకూ ఆ హోము గదికీ మధ్య ఒక మనిషి నిలబడి ఉందనీ, ఆ మనిషిని తను రెండుసార్లు తోసేసిందనీ ఆమెకు అర్థమైంది. ఈసారి నీళ్ళు నిలిస్తే చెప్పడానికి ఇంట్లో ఇంకో పేరు లేదు.

చప్పుడు ఆగింది. మామగారి చెయ్యి గోడ వైపు లేచింది. కోడలు తన అరచెయ్యి స్విచ్చు మీద అడ్డం పెట్టింది. ఆయన ఆమె వేళ్ళ వైపు ఆందోళనగా చూశారు.

"ఆగిందమ్మా. తియ్యనీ," అన్నారు.

ఆమె చెయ్యి తియ్యలేదు. సోమవారం ఆఫీసు ఉంది.